సూపర్ నింటెండో కంట్రోలర్‌కి బ్లూటూత్: బ్యాటరీ మీద పెయిర్ అవ్వగానే రీసెట్, బటన్లు ఒకటి పక్కకి జరుగుతున్నాయి

పిక్సెల్_పెదవాల్తేరు
ఒరిజినల్ సూపర్ నింటెండో కంట్రోలర్, కనెక్టర్ దగ్గర వైరు తెగింది. కేబుల్ మార్చే బదులు వైర్‌లెస్ చేసి ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెట్రోఆర్చ్‌కి (పాత ఆటల్ని ఆడించే యాప్) వాడాలి. లోపలి బోర్డు ముట్టుకోలేదు. ఐదు వైర్లూ ఇఎస్‌పి32-సి3 (బ్లూటూత్ ఉన్న చిప్) చిన్న బోర్డుకి ఇచ్చాను. పవర్ వరస ఇదీ: 400 ఎంఏహెచ్ పౌచ్ బ్యాటరీ, టీపీ4056 చార్జింగ్ బోర్డు, వోల్టేజ్‌ని 3.3కి దించే ఏఎంఎస్1117 మాడ్యూల్, అక్కణ్ణుంచి సి3 బోర్డు 3.3 పిన్.

యూఎస్‌బీ మీద బాగానే నడుస్తోంది. బ్యాటరీ మీద మాత్రం ఫోన్‌కి కనెక్ట్ అవ్వగానే రీసెట్. వై నొక్కితే బి పడుతోంది, బి నొక్కితే ఏమీ లేదు. సెలెక్ట్, స్టార్ట్‌లని 9, 10 బటన్లుగా పంపితే ఫోన్ వాటిని ఎల్2, ఆర్2 అంటోంది. కంట్రోలర్‌కి 5 వోల్టులు తప్పనిసరా? లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజ్ మార్చే బోర్డు) కొనాలా?

టంకం_రాజా
రీసెట్‌కి కారణం ఏఎంఎస్1117. 3.3 బయటికి ఇవ్వాలంటే దానికి లోపలికి దాదాపు 4.4 వోల్టులు కావాలి. నిండా చార్జ్ అయిన బ్యాటరీయే 4.2. రేడియో ఆన్ అయ్యేసరికి కరెంట్ ఒక్కసారి 100 మిల్లీయాంప్ దాటి లాగుతుంది, వోల్టేజ్ కూలిపోతుంది, చిప్ బ్రౌన్‌అవుట్ అయి (వోల్టేజ్ చాలక ఆగి) మళ్లీ మొదటికొస్తుంది. కంప్యూటర్‌లో సీరియల్ మానిటర్ (చిప్ పంపే సందేశాలు చూపే విండో) తెరిస్తే ఆ మాటే కనిపిస్తుంది.

ఆ మాడ్యూల్ తీసేయండి. మీ సి3 బోర్డు మీదున్న రెగ్యులేటర్ ఎంఈ6211 తరహాదైతే (తక్కువ వోల్టేజ్ తేడాతోనే పనిచేసేది) అదే చాలు. టీపీ4056 అవుట్ ప్లస్ నుంచి ఒక స్లైడ్ స్విచ్, తర్వాత 1ఎన్5819 డయోడ్, అక్కణ్ణుంచి బోర్డు 5 వోల్ట్ పిన్‌కి. చార గీత ఉన్న వైపు బోర్డుకి ఉండాలి. డయోడ్ దగ్గర పావు వోల్టు పోతుంది కదా అని మానేయొద్దు. ఆ పిన్ యూఎస్‌బీ 5 వోల్టులకి నేరుగా కలిసి ఉంటుంది. డయోడ్ లేకుండా ప్రోగ్రాం ఎక్కించడానికి కేబుల్ పెట్టారంటే 5 వోల్టులు తిన్నగా లిథియం బ్యాటరీలోకి వెళ్తాయి. 3.3 పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వెయ్యండి.

కంట్రోలర్‌కి 5 వోల్టులు అక్కర్లేదు. లోపల ఉన్నది 4021 తరహా షిఫ్ట్ రిజిస్టర్ లాజిక్ (బటన్ల స్థితిని ఒక్కొక్కటిగా ఒకే వైరు మీద పంపేది), 3.3 మీద నడిచిపోతుంది. లెవెల్ షిఫ్టర్ డబ్బులు మిగిలినట్టే. పైగా 5 ఇస్తే డేటా వైరు కూడా 5 వోల్టులే పంపుతుంది, సి3 పిన్నులు దానికి ఓర్చుకోవు.

వైర్ల రంగులు ఇంకోసారి చూసుకోండి. ఒరిజినల్‌లో తెలుపు పవర్, గోధుమ రంగు గ్రౌండ్, పసుపు క్లాక్ (ఒక్కో బిట్‌నీ ముందుకు జరిపేది), నారింజ లాచ్ (బటన్ల స్థితిని పట్టి ఉంచేది), ఎరుపు డేటా. ఎరుపంటే ప్లస్ అనుకుని కలిపేవాళ్లే ఎక్కువ. తొమ్మిది పిన్నుల క్లోన్ కంట్రోలర్లలో అయితే రంగుల్ని అసలు నమ్మొద్దు, మల్టీమీటర్‌తో ఒక్కొక్క వైరూ వెతుక్కోవాల్సిందే.

ఇక టీపీ4056. కొన్నప్పుడు దాని మీద 1.2 కిలోఓమ్ రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 ఆంపియర్ చార్జింగ్. 400 ఎంఏహెచ్ బ్యాటరీకి అది మరీ ఎక్కువ. దాన్ని తీసి 4.7 కిలోఓమ్ వేస్తే సుమారు 250 మిల్లీయాంప్‌కి దిగుతుంది.

సీతమ్మధార_సి3
బటన్లు జరగడం కోడ్ తప్పు, వైరింగ్ కాదు. లాచ్‌ని 12 మైక్రోసెకన్లు పైకి (3.3 వోల్టులకి) లేపి దించగానే మొదటి బిట్, అంటే బి, డేటా వైరు మీద సిద్ధంగా ఉంటుంది. మీరు ముందు క్లాక్ కొట్టి తర్వాత చదువుతున్నారు. అందుకే బి జారిపోయి వై దాని చోట కూర్చుంది. ముందు చదవండి, తర్వాత క్లాక్‌ని దించి లేపండి. ఇలా 16 సార్లు. క్లాక్ ఖాళీగా ఉన్నప్పుడు పైనే ఉండాలి.

వరస: బి, వై, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందకి, ఎడమ, కుడి, ఎ, ఎక్స్, ఎల్, ఆర్. నొక్కితే సున్నా. చివరి నాలుగు బిట్లు ఎప్పుడూ 1 గానే ఉండాలి. వాటిలో ఏదైనా సున్నా వచ్చిందంటే ఆ రీడింగ్ చెత్తలో వేసేయండి, వదులు వైరు వల్ల వచ్చే దొంగ నొక్కుళ్లు పోతాయి. డేటా పిన్‌కి లోపలి పులప్ (ఖాళీగా ఉన్న పిన్‌ని పైకి లాగి ఉంచే రెసిస్టర్) ఆన్ చెయ్యండి. పిన్నులు: డేటా 3, క్లాక్ 4, లాచ్ 5. 2, 8, 9 జోలికి వెళ్లొద్దు, బూట్ అయ్యేటప్పుడు చిప్ వాటిని చూస్తుంది. 9 కిందకి లాగి ఉంటే ఆటకి బదులు డౌన్‌లోడ్ మోడ్‌లో కూర్చుంటుంది.

ఆండ్రాయిడ్ బటన్ నంబర్లలో ఒక చిక్కుంది. 1 ఎ, 2 బి, 3 సి, 4 ఎక్స్, 5 వై, 6 జెడ్, 7 ఎల్1, 8 ఆర్1. మన కంట్రోలర్‌లో సి, జెడ్ లేవు కాబట్టి 3, 6 వదిలేయాలి. సెలెక్ట్ 11, స్టార్ట్ 12. డీప్యాడ్‌ని (నాలుగు దిక్కుల బటన్) బటన్లుగా కాకుండా హ్యాట్ స్విచ్‌గా (దిక్కుని ఒకే విలువగా చెప్పేది) పంపండి, ఎమ్యులేటర్లు వాటంతటవే పట్టుకుంటాయి.

మ్యాపింగ్ మార్చిన ప్రతిసారీ ఫోన్ బ్లూటూత్ లిస్టులోంచి కంట్రోలర్‌ని 'ఫర్గెట్' కొట్టి మళ్లీ పెయిర్ చెయ్యాలి. పాత వివరాలు ఫోన్ దాచుకుంటుంది. ఇది తెలియక సరిగ్గా ఉన్న కోడ్‌ని చెడగొట్టుకుంటారు.

రిపోర్ట్‌ని (బటన్ల స్థితి చెప్పే సందేశం) ఏదైనా బటన్ మారినప్పుడే పంపండి. అదే పనిగా పంపుతుంటే బ్లూటూత్ లైను నిండిపోయి నొక్కుళ్లు ఆలస్యం అవుతాయి. ఆటలో ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. బీఎల్ఈలో (తక్కువ పవర్ బ్లూటూత్) సందేశాల మధ్య ఇంటర్వల్ 7.5 మిల్లీసెకన్ల దాకా దిగొచ్చు గానీ, చివరికి ఎంత అన్నది ఫోన్ చేతిలో పని. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కూడా పెట్టుకుని కంట్రోలర్ లాగ్ అంటే మాత్రం నేను ఒప్పుకోను, ముందు అవి తీసి చూడండి.

ఉప్పుగాలి
పైవాళ్లు కరెంట్ చూశారు, నేను డబ్బా సంగతి చెప్తాను. బ్యాటరీ పడుతుందో లేదో స్కేలుతో తేలదు. పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్ద లోపల పెట్టి, షెల్ మూసి స్క్రూలు బిగించి, మళ్లీ తెరవండి. నొక్కుకుపోయాక మిగిలిన మందమే మీకున్న చోటు. 502535 అని రాసిన బ్యాటరీ 5 మిల్లీమీటర్ల మందం, 25 వెడల్పు, 35 పొడవు. చార్జ్‌లో కొంచెం ఉబ్బుతుంది కాబట్టి ఇంకో అర మిల్లీమీటర్ ఖాళీ వదలండి. బోర్డు వెనక టంకం మొనలు ఉంటాయి చూడండి, అవి పౌచ్‌కి గుచ్చుకుంటే ప్రమాదం. మొనలు కత్తిరించి, మధ్యలో కాప్టన్ టేప్ (కరెంట్‌ని, వేడిని ఆపేది) రెండు పొరలు వెయ్యండి. సి3 బోర్డు యాంటెన్నా వైపు బ్యాటరీ కిందకి రాకూడదు, వస్తే సోఫా దాకా కూడా సిగ్నల్ అందదు.

మీది పెదవాల్తేరు కాబట్టి ఇంకో మాట. సముద్రం గాలికి రాగి పచ్చబడుతుంది, వైరు చివర నల్లగా మారి టంకం అంటదు. నల్లబడినంత మేర కత్తిరించి కొత్త రాగి బయటపెట్టండి. పని అయ్యాక ఫ్లక్స్ (టంకం అంటడానికి వాడే జిగురు పదార్థం) మరకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ మరకే తేమని పట్టుకుంటుంది. బటన్ల కింది నల్ల కార్బన్ ముద్రల్ని మెత్తటి గుడ్డతో ఒక్కసారి అద్దితే చాలు. గరుకు కాగితం, థిన్నర్ తగిలాయంటే కార్బన్ లేచిపోతుంది.

చార్జ్ పెట్టి ఆడొద్దు. చార్జింగ్ కరెంట్ పదో వంతుకి, మీ లెక్కన 25 మిల్లీయాంప్‌కి పడితేనే టీపీ4056 ఆపుతుంది. ఆట అంతకన్నా ఎక్కువ లాగుతుంటే అది ఎప్పటికీ ఆపదు.

పిక్సెల్_పెదవాల్తేరు
రీసెట్ పోయింది. ముందు చదివి తర్వాత క్లాక్ కొడితే బటన్లూ కుదిరాయి. స్లైడ్ స్విచ్‌కి షెల్ కొయ్యడం ఇష్టం లేదు. బటన్ నొక్కితే నిద్ర లేచేలా చెయ్యొచ్చా? బటన్లు సి3కి నేరుగా కలిసి లేవు కదా.

సీతమ్మధార_సి3
చెయ్యొచ్చండి. లాచ్ పైన ఉన్నంతసేపూ రిజిస్టర్ బటన్లని చూస్తూనే ఉంటుంది, డేటా వైరు మీద బి ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. నిద్రకి ముందు లాచ్‌ని పైకి లేపి ఆ పిన్‌ని హోల్డ్‌లో (నిద్రలోనూ స్థితి మారకుండా) పెట్టండి, డేటా పిన్ కిందకి పడితే లేవమని చెప్పండి. సి3 డీప్ స్లీప్ నుంచి 0 నుంచి 5 వరకు పిన్నులతోనే లేస్తుంది, డేటాకి 3 చెప్పింది అందుకే. లేవగానే హోల్డ్ తీసెయ్యండి, లేకపోతే లాచ్ కదలదు. లేపేది బి ఒక్కటే, స్టార్ట్‌తో లేవదు. బోర్డు మీది పవర్ ఎల్ఈడీ కూడా పీకెయ్యండి, చిప్ నిద్రపోయినా అది తాగుతూనే ఉంటుంది.