షుగర్ ఉన్నవాళ్లు ఎకోస్ప్రిన్ సొంతంగా వేసుకోవచ్చా?

పటమట వాసి: నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లు. గుండెజబ్బు లేదు. "షుగర్ ఉంటే రక్తం చిక్కబడుతుంది, రోజూ ఒకటి వేసుకో" అని వాకింగ్‌లో స్నేహితుడెవరో చెబితే రెండు నెలలుగా ఎకోస్ప్రిన్ 75 (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ మాత్ర) వేసుకుంటున్నారు. మాకెవరికీ చెప్పలేదు. మొన్న ఇన్సులిన్ చేయబోతే బొడ్డు పక్కన రూపాయి బిళ్లంత మేర నల్లగా కమిలి ఉంది. గట్టిగా అడిగితే, పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తం కూడా పడుతోందన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా?

బ్రాడీపేట ల్యాబ్: ఆ స్నేహితుడు చెప్పినదాంట్లో సగం నిజమేనండీ. షుగర్ ఎక్కువగా ఉంటే ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుంటాయి. గడ్డను వలలా పట్టి ఉంచే ఫైబ్రిన్ దారాలు దట్టంగా అల్లుకుంటాయి. గడ్డను కరిగించే పనిని అడ్డుకునే పీఏఐ-1 అనే ప్రొటీన్ కూడా పెరుగుతుంది. అంటే గడ్డ త్వరగా కట్టి, ఆలస్యంగా కరుగుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌తో ఆ పీఏఐ-1 కొంత తగ్గుతుంది కూడా.

కానీ ఆస్పిరిన్ సంగతి వేరు. 2018లో వచ్చిన అసెండ్ అధ్యయనంలో గుండెజబ్బు లేని 15,480 మంది షుగర్ పేషెంట్లలో సగం మందికి రోజూ 100 మి.గ్రా. ఆస్పిరిన్, మిగతా సగానికి మందు లేని మాత్ర ఇచ్చి ఏడేళ్లకు పైగా చూశారు. ఆస్పిరిన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 12 శాతం తగ్గాయి, తీవ్రమైన రక్తస్రావం 29 శాతం పెరిగింది. అందుకే ఎవరికి ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. రేపే చూపించండి.

గొల్లపూడి: ఇది చదివి స్టెంట్ ఉన్నవాళ్లు మాత్రం మానేయకండి, దయచేసి. మా అమ్మ పన్ను పీకించుకోవాలని తనంతట తానే నాలుగు రోజులు ఆపేసింది, స్టెంట్ వేసి ఐదు నెలలే. డాక్టర్‌గారు కేకలేశారు. స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుందట.

కొత్తపేట, గుంటూరు: నాకు వాల్వు మార్చారు, షుగర్ కూడా ఉంది. రక్తం గడ్డకట్టకుండా అసిట్రామ్ అనే మాత్ర వాడుతున్నాను. ఒక వారం గోంగూర, పాలకూర బాగా తిని, తర్వాత వారం అసలు ముట్టకపోతే ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) అటూ ఇటూ అయిపోతోంది. మానేయక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తినమన్నారు. గోంగూర లేకుండా ఎలాగండీ మనకి!

పటమట వాసి: చూపించి వచ్చాం. మాత్ర ఆపించారు. విరేచనం తారులా నల్లగా అవుతోందా అని డాక్టర్‌గారు అడిగితే, వారం నుంచి అవుతోందని అప్పుడు బయటపెట్టారు నాన్నగారు. కడుపులో రక్తం కారుతుంటే అలా అవుతుందట. నాకు ఏడుపొచ్చింది. హిమోగ్లోబిన్ 9.1. రేపు పొద్దున ఖాళీ కడుపుతో ఎండోస్కోపీకి రమ్మన్నారు. పొద్దున ఇన్సులిన్ చేయాలో వద్దో అడగడం మర్చిపోయాను.

బ్రాడీపేట ల్యాబ్: ఇప్పుడే ఫోన్ చేసి అడగండమ్మా. ఏమీ తినకుండా మామూలు డోసు ఇస్తే షుగర్ పడిపోవచ్చు. మళ్లీ రక్తం పడినా, కళ్లు తిరిగినా పొద్దుటిదాకా ఆగకండి, రాత్రే తీసుకెళ్లండి.

పటమట వాసి: చేశాను. పొద్దున డోసు వద్దన్నారు, పరీక్ష అయి తిన్నాక చూస్తారట. గ్లూకోమీటర్ సంచిలో పెట్టాను.