ట్రైలర్ వేడినీళ్ల పైపుల్లోకి యాంటీఫ్రీజ్ ఎక్కట్లేదు, ఎవరైనా చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేం మిన్నెసోటాలో ఉంటాం. ఈ వేసవిలో కొన్న పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది) ఇక వసంతం దాకా ఇంటి పక్కన ఆరుబయటే ఉండాలి. జనవరిలో ఇక్కడ మైనస్ 20 ఫారెన్‌హీట్ వింతేమీ కాదు. పైపుల్లో నీళ్లు మిగిలితే గడ్డకట్టి పగలడం ఖాయం.

మంచినీళ్ల ట్యాంకు, అడుగునున్న డ్రెయిన్లు, 6 గ్యాలన్ల వాటర్ హీటర్ అన్నీ ఖాళీ చేశాను. హీటర్ వెనక మూడు వాల్వులున్నాయి. చన్నీళ్లు లోపలికెళ్లేదీ, వేడినీళ్లు బయటికొచ్చేదీ మూసి, మధ్యలోని బైపాస్ (హీటర్‌ని తప్పించి నేరుగా వేడి పైపుల్లోకి పంపేది) తెరిచాను. పంపుతో గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ లాగిస్తే (పైపులు గడ్డకట్టి పగలకుండా ఇలాంటి బండ్లలో నింపే ద్రవం, కార్లలో పోసే విషపుది కాదు లెండి) చన్నీళ్ల కుళాయిలన్నిట్లో రంగు చక్కగా వచ్చింది. వేడి వైపు మాత్రం కాస్త తుంపర చిమ్మి ఆగిపోతోంది, అదీ తెల్లగానే. ఆ వెంటనే పంపు కూడా దానంతటదే ఆగుతోంది. అంటే యాంటీఫ్రీజ్ హీటర్లోకి పోవట్లేదు, దారిలో ఎక్కడో అడ్డం పడిందనే అనుకుంటున్నా. బైపాస్ పిడి చూస్తే వదులుగా తిరుగుతోంది.

వాల్వ్ లోపల విరిగిందంటారా, లేక చెక్ వాల్వ్ (ఒకవైపుకే పారనిచ్చేది) ఏదైనా పట్టేసి ఉంటుందా? విప్పకుండా తేల్చుకునే మార్గం ఉందా? పోనీ, వేడి పైపుల్లోకి కంప్రెసర్‌తో 40 పీఎస్‌ఐ దాటకుండా గాలి కొట్టి వదిలేస్తే సరిపోతుందా? బయటి షవర్ కూడా ఈ లైన్‌దే, నా టెన్షనంతా దానిమీదే.

శనివారం రాత్రికి 18 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడుతుందంటున్నారు. చేసిచూసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి.