కోత పండుగ ప్రసంగానికి ఏ గ్రంథాలు దగ్గర పెట్టుకోవాలి?

ప్రశ్న (డెల్టా గ్రామ సంఘ కాపరి):
సహ సేవకులందరికీ వందనములు. మా సంఘంలో కోత పండుగ ఆరాధన దగ్గరపడింది. రూతు గ్రంథం 2వ అధ్యాయం మీద ప్రసంగించాలని ఉంది. నా వద్ద తెలుగు బైబిలు, ఒక పాత కన్కార్డెన్సు (బైబిలులోని పదాలు ఏ వచనాల్లో వస్తాయో చూపే సూచిక), ఫోనులో మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం ఉన్నాయి. అయితే వ్యాఖ్యానం తెరిస్తే ప్రసంగమంతా దాని దారినే పోతోంది. కౌలు రైతులు, కూలీలు అయిన మా సంఘస్థుల బ్రతుకు అందులోకి రావడం లేదు. ఇంకా ఏవి చదవాలో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు (విశ్రాంత ఉపదేశి):
అయ్యగారికి వందనములు. వ్యాఖ్యానాన్ని శుక్రవారం వరకు తెరవకండి. ముందు రూతు నాలుగు అధ్యాయాలూ ఒకే కూర్చోవడంలో చదివి, ఆపై కన్కార్డెన్సు సాయంతో లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 24:19 పక్కన పెట్టుకోండి. పొలం అంచులు కోయకుండా విడిచిపెట్టాలనీ, రాలిన పరిగె బీదలకూ పరదేశులకూ చెందాలనీ ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. రూతు పరిగె ఏరుకున్న పొలం యజమాని బోయజు అంతటితో ఆగలేదు. 2వ అధ్యాయం 15, 16 వచనాలు చూడండి: పనల మధ్య కూడా రూతును ఏరుకోనిమ్మని, కట్టిన పిడికిళ్లలోనుంచి కొన్ని లాగి పడవేయమని పనివారికి చెప్పాడు. అంతకు ముందే, 9వ వచనంలో, ఆమెను ముట్టవద్దని యౌవనస్థులను హెచ్చరించాడు. కూలికి వెళ్లే స్త్రీలున్న సంఘంలో ఈ వచనాన్ని తేలికగా దాటిపోకూడదని నా మనవి.

జవాబు (వేదాంత విద్యార్థి):
మాథ్యూ హెన్రీ 1714లోనే మరణించారు. భక్తిపరమైన అన్వయానికి ఆయన వ్యాఖ్యానం నేటికీ విలువైనదే గాని, ఆ తరువాత తవ్వకాలలో బయటపడినవి అందులో ఉండవు. ఉదాహరణకు 1908లో ఇశ్రాయేలు దేశపు పురాతన పట్టణమైన గెజెరులో దొరికిన చిన్న సున్నపురాతి పలకపై ఏడాది పొడవునా సాగే వ్యవసాయ పనులు నెలల వారీగా ఉన్నాయి. అందులో యవల కోతకు ఒక నెల ప్రత్యేకంగా కేటాయించారు. రూతు, ఆమె అత్త నయోమి బేత్లెహేముకు చేరింది ఆ కోత మొదలయ్యే రోజుల్లోనే. అది వసంతకాలం, మన సార్వా (ఖరీఫ్) వరి కోతల కాలం కాదు. ఇటువంటి నేపథ్యం కోసం ఒక బైబిలు నిఘంటువును సంపాదించుకోండి. మరో వ్యాఖ్యానం కొనడం కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

జవాబు (సంఘ పెద్ద, స్త్రీల సమాజం):
అయ్యగారూ, మీ సంఘంలోని వృద్ధురాళ్లను కలవండి. కోతల తరువాత పరిగె ఏరి పిల్లలకు గంజి కాచిన తల్లులు వారిలో ఉంటారు. ఏ రైతు ఏరుకోనిచ్చాడో, ఎవరు గట్టు మీదనుంచే తరిమారో వారికి బాగా గుర్తుంటుంది. వారు చెప్పినవి వారి అనుమతితో, పేర్లు లేకుండా వాడండి. ఇప్పుడు యంత్రాలతో కోత వచ్చాక పొలంలో మనిషికి దొరికే పని తగ్గిపోయింది కనుక, బీదల కొరకు నేడు విడిచిపెట్టవలసిన పొలం అంచు ఏమిటో ఆరాధనకు ముందే సంఘ కమిటీలో అడగండి. కోత పండుగ కానుకలలో కొంత భాగం విధవరాండ్రకు కేటాయించడానికి కమిటీ ఒప్పుకుంటే, ఆ తీర్మానాన్ని ప్రసంగంలోనే ప్రకటించవచ్చు.