ఏసీ/డీసీ తొలి ఆల్బమ్‌పై 1975 నాటి ఆస్ట్రేలియా సమీక్ష ఎక్కడ దొరుకుతుంది?

ఆస్ట్రేలియా రాక్ సంగీత బృందం ఏసీ/డీసీ తొలి ఆల్బమ్ 'హై వోల్టేజ్' 1975 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో విడుదలైనప్పుడు అక్కడి పత్రికలు దాన్ని ఎలా స్వీకరించాయో తెలుసుకోవాలని కొన్ని వారాలుగా ప్రయత్నిస్తున్నాను. ఎక్కడ వెతికినా 1976లో అదే పేరుతో వచ్చిన అంతర్జాతీయ ఆల్బమ్ సమీక్షలే, ముఖ్యంగా ఆ ఏడాది డిసెంబర్‌లో 'రోలింగ్ స్టోన్' ప్రచురించిన తీవ్రమైన విమర్శే, ఎదురవుతున్నాయి. ఆ రెండూ ఒకటి కావు. 1976 ఆల్బమ్‌లోని తొమ్మిది పాటల్లో ఏడు బృందం రెండో ఆల్బమ్ 'టి.ఎన్.టి.' నుంచి తీసుకున్నవి కాగా, తొలి ఆల్బమ్ నుంచి చేరినవి 'లిటిల్ లవర్', 'షీ'జ్ గాట్ బాల్స్' మాత్రమే.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ఆన్‌లైన్ పాత పత్రికల భాండాగారం 'ట్రోవ్'లో 1975 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు 'కాన్బెర్రా టైమ్స్' సంచికలను ఆల్బమ్ పేరుతో వెతికాను. ఆ పేరు పుణ్యమా అని విద్యుత్తు తీగల వార్తలే ఎక్కువగా వచ్చాయి. బృందం పేరుతోనూ, గాయకుడు బాన్ స్కాట్ పేరుతోనూ వెతికితే కచేరీ ప్రకటనలకు మించి ఏమీ దొరకలేదు. సంగీత పత్రికల విషయంలో కాలమే కలిసిరాలేదు: 'గో-సెట్' 1974 ఆగస్టులోనే మూతపడగా, 'రామ్' 1975 మార్చిలోనూ, 'జ్యూక్' ఆ తర్వాతా మొదలయ్యాయి.

1975 ఫిబ్రవరి, జూన్ నెలల మధ్య ఈ ఆల్బమ్‌ను సమీక్షించిన ఆస్ట్రేలియా పత్రిక పేరు, సంచిక తేదీ మీలో ఎవరికైనా తెలుసా?