సెగ, సేగా: రెండూ ఒక మాటేనా?

మారిషస్‌లో ‘సేగా’ అనే నాట్యం ఉంది కదా, అది మన తెలుగు ‘సెగ’ నుంచే పుట్టిందని ఒకాయన గట్టిగా వాదించారు. వాళ్ళు కూడా వాయిద్యాన్ని మంట దగ్గర కాచి వాయిస్తారట. ఎంతవరకు నిజం? తెలిసినవాళ్ళు చెప్పండి.

*

అన్నా, కాచే సంగతి నిజమే. మాట పుట్టుక మాత్రం కాదు.

సేగా ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టి తెచ్చిన బానిసలది. పగలంతా తోటల్లో చాకిరీ చేసి, రాత్రి మంట చుట్టూ చేరి క్రియోల్ అనే అక్కడి కలగలుపు భాషలో అప్పటికప్పుడు పాట కట్టేవాళ్ళు. దొర మీద కోపం, పోగొట్టుకున్న ఊరు, ప్రేమ అన్నీ అందులోనే. అక్కడ బానిసత్వం రద్దయింది 1835లో. చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీల ఓడలు వరసగా వెళ్ళడం మొదలైంది 1834లో. మనవాళ్ళు కోరంగి రేవు నుంచి ఓడెక్కేనాటికే ఆ ఆట అక్కడ ఉంది. మనం ఇచ్చిన పేరని ఎలా అంటాం? వాళ్ళ కష్టంలోంచి పుట్టినదాన్ని మన ఖాతాలో వేసుకోవడం నాకు నచ్చదు.

కానీ ఆ వాయిద్యం గురించి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పేరు రవాన్. వెడల్పాటి చెక్క చట్రానికి మేకతోలు బిగిస్తారు. గాలిలో తేమకు తోలు వదులై మోత మొద్దుబారుతుంది. అందుకే ఆటకు ముందు మంటకు చూపిస్తారు. అచ్చం మన డప్పే! బోనాలప్పుడు మా వీధి చివర గడ్డి మంట వేసి, డప్పును తిప్పుతూ కాచి, వేలితో ఒకసారి తట్టి చూస్తారు. ‘ఠంగ్’ మంటేనే లేస్తారు. తేడా ఒకటే: మన డప్పుకు సిర్ర, సిటికెన పుల్ల కావాలి, రవాన్‌ను ఉత్త చేతులతోనే వాయిస్తారు. ఆడేవాళ్ళు పాదం నేల వదలకుండా చిన్న చిన్న అడుగులతో ఎదురెదురుగా కదులుతారు.

2014లో సేగా యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు భోజ్‌పురి పాటలు కూడా సేగా దరువు మీద పాడుతున్నారు.

*

మంచి వివరం అన్నా. ‘సెగ’ అంటే ఈమధ్య పేపర్లో ‘మంత్రికి నిరసన సెగ’ తప్ప ఇంకేం కనబడటం లేదు. మా తాత మాత్రం “డప్పుకు సెగ చూపించు, కాల్చకు” అనేవాడు. మీ వైపు ఏమంటారు, కాచడమా, కాగబెట్టడమా?