లాంకాస్టర్ బాంబర్ ప్రింట్ దొరికింది, కింద పెన్సిల్ సంతకాలు, ఫ్రేమ్ ఎలా కట్టించాలి?

గాజువాక_శీను:
అన్నలూ, కెనడాలో హామిల్టన్ వచ్చి ఆర్నెల్లైంది. మొన్న ఒకాయన గరాజ్ సేల్‌లో లాంకాస్టర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్ విమానం) బొమ్మ ఉన్న పెద్ద ప్రింట్ దొరికింది, కాయితం అంచు పసుపెక్కింది గానీ బొమ్మ నిగనిగలాడుతోంది, కింద తెల్ల అంచులో పెన్సిల్‌తో నాలుగు సంతకాలు, ఒకటైతే చెయ్యి వణుకుతూ పెట్టినట్టుంది. మూల 212/850 అని ఉంది. వైజాగ్ తీసుకెళ్లి ఫ్రేమ్ కట్టిద్దామని, చెమ్మకి పాడవుద్దా?

పాత_కాగితం:
850 అచ్చేసిన వాటిలో నీది 212వది. ఇలాంటి ప్రింట్ల మీద ఆర్టిస్టు పెన్సిల్‌తోనే పెడతాడు, పక్కనే ఆ విమానాల్లో ఎగిరిన ముసలాళ్లతో కూడా పెట్టిస్తారు, అసలు విలువ వాటిదే. లామినేషన్ వద్దు, ఎండ పడే గోడకి వద్దు, అద్దం కాయితానికి అంటుకోకుండా మధ్యలో మౌంట్, అంటే అట్ట చట్రం, పెట్టించు. ముఖ్యంగా అంచు కొయ్యనివ్వకు. నా ప్రింట్‌కి షాపతను కింద రెండంగుళాలు కోసేసి మేకులు కూడా కొట్టేశాడు, ఇదేంటయ్యా అంటే "ఏవో పెన్సిల్ గీతలున్నాయి సార్, నీటుగా తీసేశా" అన్నాడు!!

హామిల్టన్_బావ:
ఆర్నెల్లుగా ఇక్కడుండి విమానమే చూళ్లేదా శీనూ? ఇప్పటికీ ఎగిరే లాంకాస్టర్లు ప్రపంచంలో రెండే, ఒకటి ఇంగ్లండ్‌లో, రెండోది మన ఎయిర్‌పోర్ట్ పక్క మ్యూజియంలో. దాని మీద వీఆర్-ఏ అనే అక్షరాలు 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లో కూలిన వేరే లాంకాస్టర్‌వి. అందులో ఉన్నది ఏడుగురు. మంటలంటుకుంటే అందర్నీ దూకెయ్యమన్నారు, వెనక టరెట్‌లో, అంటే తుపాకీ గూట్లో, రియర్ గన్నర్ పాట్ బ్రోఫీ ఇరుక్కుపోయాడు. పైన గన్నర్ ఆండ్రూ మినార్‌స్కీ దూకబోతూ అది చూసి మంటల్లోంచి పాక్కుంటూ వెళ్లి గొడ్డలితో కొట్టాడు, చేత్తో లాగాడు, ఊడలేదు. బట్టలంటుకున్నాయి, బ్రోఫీ పొమ్మని సైగ చేస్తే వెనక్కొచ్చి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టి దూకాడట. కాలిన గాయాలతో పోయాడు. విచిత్రం, విమానంతో పాటు నేలకి గుద్దుకున్న బ్రోఫీ బతికాడు, ఈ సంగతి లోకానికి చెప్పిందీ ఆయనే, 1946లో మినార్‌స్కీకి బ్రిటిష్ వాళ్ల అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. మూలవిరాట్టు పోయింది, ఇది ఉత్సవ విగ్రహం అనుకో.

తిక్క_శంకరం:
అందరూ దండాలు పెడుతున్నారు గానీ, 1943 మేలో జర్మనీ డ్యాములు పగలగొట్టడానికి వెళ్లిన 19 లాంకాస్టర్లలో 8 తిరిగి రాలేదు, 133 మందిలో 53 మంది పోయారు, ఒప్పుకుంటా. కింద వరదలో పోయింది వెయ్యికి పైనే, అందులో చాలామంది జర్మన్లు బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు. వాళ్లకి ఏ ప్రింట్ వేశారు?

చార్మినార్_భాయ్:
మాట నిజమే అన్నా, బొమ్మల కిందోళ్లు కనబడరు. గని ఒకటి జెప్త, లండన్ హెండన్ మ్యూజియంల మొదటి యుద్ధం నాటి డీహెచ్9ఏ బాంబర్ ఉంటది, దాని మీద నిజాం ఇచ్చిండని, హైదరాబాద్ 12ఏ అని రాసుంటది. మనోళ్ల పైసలే గద! ఆ 110 స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. 1918 అక్టోబర్ల జర్మనోళ్లకు చిక్కింది, అండ్ల ఉన్న ఇద్దరు ఖైదైన్రు, బండి బెర్లిన్, పోలండ్ తిరిగి 1977ల లండన్ జేరింది. పేరు జూసి అక్కడ్నే నిలబడ్డ నేను.

గాజువాక_శీను:
భూతద్దం పెట్టి చూశా, ఆ వణుకు సంతకం కింద చిన్నగా రియర్ గన్నర్ అని ఉంది. ఫ్రేమ్ ఇక్కడే కట్టిస్తా, నేను పక్కన నిలబడి. బావా, శనివారం కారు ఖాళీయేనా?