పాత సినిమా డీవీడీ: గొంతులు సన్నగా, తలలు తెగి... సరిచేసే దారి ఉందా?

వడపళని వాసి: 1950ల నాటి నలుపు తెలుపు తెలుగు సినిమా. సెన్సారు సర్టిఫికెట్లో 15,750 అడుగులు. డిస్కు 168 నిమిషాలకే అయిపోతోంది. సీన్లేవీ పోలేదు. పాటలు మాత్రం శ్రుతి పెరిగినట్టున్నాయి. పైగా తెర పై అంచులో మనుషుల తలలు తెగుతున్నాయి.

మోనోప్రియ: 35 ఎంఎం రీలు నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే అసలు నిడివి 175 నిమిషాలు. మీది పాల్ (సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డిస్కు అండీ. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో తిప్పేశారు. 4 శాతం ఎక్కువ వేగం, శ్రుతి ముప్పాతిక స్వరస్థానం దాకా పైకి. ఘంటసాల గొంతులో ఆ మంద్రం పోతే ఇంకేం మిగులుతుంది! కంప్యూటర్లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టండి. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ తీసేయడం మర్చిపోవద్దు. అది ఉంటే వేగం తగ్గినా శ్రుతి దిగదు. 5.1 (ఆరు చానెళ్ల) ట్రాక్ జోలికి పోకండి, మోనో (ఒకే చానెల్ ధ్వని) ఉంటే అదే వినండి.

కోడంబాక్కం రీలు: తలల సంగతి. ముందు టీవీలో జూమ్ తీసి బొమ్మ ఆకారం 4:3 (వెడల్పు 4, ఎత్తు 3) పెట్టండి. అప్పటికీ టైటిళ్లలో పై వరుస పేర్లు సగమే కనిపిస్తే కోత డిస్కులోనే ఉంది, దానికి మందు లేదు. 4:3 బొమ్మను వెడల్పాటి 16:9కి కోస్తే ఎత్తులో పావు వంతు పోతుంది.

వడపళని వాసి: 4:3 పెడితే తలలు వచ్చాయండీ! మొహాలు మాత్రం మైనం పూసినట్టున్నాయి.

కోడంబాక్కం రీలు: టీవీలో నాయిస్ రిడక్షన్ ఆపి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అయినా జుట్టు పోగులు విడిగా కనబడకపోతే గ్రెయిన్‌ను (ఫిల్ము బొమ్మలోని సన్నటి రేణువులను) డిస్కు చేసేటప్పుడే తుడిచేశారు. అది తిరిగి రాదు.